మెడలో చెక్కబిళ్ల... చేతిలో గొడ్డలి

ఒకప్పుడు ‘అండమాన్ పంపించారట’ అంటే ఆ ఇంట్లో చావుకబురు అందినట్టే. ఇప్పుడు ఉద్దానంలో అదే మాట ‘వైజాగ్ వెళ్లాడు’ అన్నంత మామూలు. ఈ రెండు మాటల మధ్య నూట అరవై ఏళ్ల కథ ఉంది. అడవి నరికి, రాయి మోసి, ఆ దీవుల్లో ఊరు కట్టిన ఖైదీల కథ అది!

మందస బజార్లో కోవా కొనుక్కుంటూనో, పలాస స్టేషన్లో రైలు కోసం ఎదురుచూస్తూనో పక్కవాళ్లతో మాట కలిపి చూడండి. ‘మా బావ అండమాన్‌లో ఉంటాడండీ’ అనేవారు ఒకరైనా తగులుతారు. తాపీపనికి వెళ్లినవారు, చేపల వేటకు వెళ్లినవారు, చిన్న హోటల్ పెట్టుకుని అక్కడే స్థిరపడిపోయినవారు... ఇలా ఊరికి కొందరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 50 వేల పైచిలుకు. అంటే ప్రతి వందమందిలో 13 మంది మనవాళ్లే. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం తెలుగుదే. వాళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖపట్నం తీరంలోనే ఉన్నాయి.

విశాఖ రేవు నుంచి ఆ దీవులకు సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. విమానమెక్కితే కొన్ని గంటలే. దిగగానే రేవు, రోడ్లు, బజారు, బడి అన్నీ కనిపిస్తాయి. మరి వాటికి తొలి పునాది ఎవరు వేశారు? జీతానికి వెళ్లిన కూలీలా? కానే కాదు. కాళ్లకు ఇనుప కడియాలు, మెడలో నంబరు రాసిన చెక్కబిళ్లతో ఓడ దిగిన ఖైదీలు!

ఓడ దిగిన రెండొందల మంది

అండమాన్‌లో ఊరు కట్టాలన్న ఆలోచన బ్రిటిష్‌వారికి 1789లోనే వచ్చింది. లెఫ్టినెంట్ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ అధికారి దీవుల్ని సర్వే చేసి, చాథమ్ అనే చిన్న దీవిమీద స్థావరం ఏర్పాటు చేశాడు. తర్వాత దాన్ని ఉత్తరాదికి మార్చారు. జ్వరాలకు జనం పిట్టల్లా రాలిపోతుంటే 1796లో అన్నీ వదిలేసి వెళ్లిపోయారు. ఆ తర్వాత అరవై ఏళ్లపాటు అటువైపు చూసినవారు లేరు.

1857 వచ్చింది. సిపాయిల తిరుగుబాటుతో ఉత్తరాది జైళ్లు కిక్కిరిసిపోయాయి. ఆ ఖైదీలను దేశంలో ఉంచితే ప్రమాదమని కంపెనీ పాలకులకు భయం. ఎక్కడికి పంపాలి? డాక్టర్ మోవట్ నాయకత్వంలో ఒక కమిటీ వెళ్లి అండమాన్‌ని మళ్లీ పరిశీలించింది. పాత చోటే బాగుందని చెప్పింది. మొదట సర్వే చేసిన బ్లెయిర్ పేరుమీద దానికి పోర్ట్ బ్లెయిర్ అని పేరు పెట్టారు. 2024 నుంచి ఆ నగరం అధికారిక నామం శ్రీ విజయపురం.

1858 మార్చి 10. కలకత్తా నుంచి బయల్దేరిన ‘సెమిరమిస్’ అనే ఓడ లంగరు వేసింది. అందులో రెండొందల మంది ఖైదీలు. వాళ్లను తీసుకొచ్చింది ఆగ్రా జైలు సూపరింటెండెంట్‌గా పనిచేసిన డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్. కాపలాకు నౌకాదళానికి చెందిన ఓ చిన్న పటాలం. అంతే!

ఎదురుగా ఏముంది? నీటి అంచువరకూ చొచ్చుకొచ్చిన అడవి. ఇల్లు లేదు, దారి లేదు, పొలం లేదు. ముందు చాథమ్ దీవిమీద దిగి చెట్లు కొట్టడం మొదలుపెట్టారు. తీరా చూస్తే అక్కడ తాగడానికి సరిపడా నీళ్లు లేవు. దాంతో రేవు ముఖద్వారంలో ఉన్న రాస్ దీవికి మకాం మార్చారు. అక్కడ కూడా అదే పని... చెట్టు కొట్టు, మొద్దు లాగు, పొద నరుకు. ఏడాదిలో ఎక్కువ నెలలు కురిసే వానలు, జలగలు, దోమలు. పగలంతా తడుస్తూ పని, రాత్రి తడినేలమీద నిద్ర.

మూడు నెలల లెక్క

ఆ ఊరి తొలి రోజులు ఎలా గడిచాయో చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 1858 జూన్ మధ్యనాటికి, అంటే మూడు నెలల్లో అక్కడికి చేరిన ఖైదీలు 773 మంది. ఆస్పత్రిలో చనిపోయినవారు 64. పారిపోయి మళ్లీ దొరకనివారు 140. పారిపోయి పట్టుబడ్డాక ఉరితీసినవారు 87. ఆత్మహత్య చేసుకున్నవారు ఒకరు. మిగిలినవారు 481. ప్రతి అయిదుగురిలో దాదాపు ఇద్దరు లేరు!

చుట్టూ సముద్రం ఉంటే పారిపోయి ఎక్కడికి వెళ్తారు? ఆ అడవి దాటితే బర్మా వచ్చేస్తుందని వాళ్లలో చాలామంది నమ్మారు. తాము ఉన్నది దీవి అన్న సంగతే తెలియదు. అలా వెళ్లినవాళ్లు కొందరు ఆకలికి పోయారు, కొందరు అడవి మనుషుల బాణాలకు పోయారు. బతికి తిరిగొచ్చినవాళ్లను వాకర్ ఉరికంబమెక్కించాడు. ఒక్కరోజులోనే 86 మందిని ఉరితీయించాడు. ఈ సంగతి తెలిసి కలకత్తాలోని ప్రభుత్వమే ఉలిక్కిపడి, పారిపోయినందుకు ఉరి వేయవద్దని ఆదేశించింది. మరుసటేడాది వాకర్ స్థానంలో కెప్టెన్ హాటన్ వచ్చాడు. ఆయన కొరడా పట్టు కొంత సడలించాడు.

ఆ అడవి ఎవరిది?

ఇంతకీ ఆ అడవి ఎవరిదని? వేల ఏళ్లుగా అక్కడ వేటాడుకుంటూ బతుకుతున్న అండమానీ తెగలది. వాళ్లను అడిగినవాళ్లెవరూ లేరు. వాళ్ల కళ్లముందే వేట చెట్లు కూలుతున్నాయి, చేపలు పట్టుకునే తీరాలు చేజారుతున్నాయి. ఊరుకుంటారా? 1859 ఏప్రిల్‌లో వందలమంది కలిసి ఖైదీల గుంపులమీద దాడులు చేశారు. కాళ్లకు సంకెళ్లున్నవాళ్లను పెద్దగా ఏమీ అనకుండా, వాళ్లమీద పెత్తనం చేసే మేస్త్రీలనే ఎంచుకుని కొట్టారని ఆనాటి నివేదికలు చెబుతాయి. తమ అడవి నరికిస్తున్నది ఎవరో వాళ్లు గుర్తుపట్టారన్నమాట!

ఆ మరుసటి నెలలో జరిగిన పెద్ద దాడిని ‘అబర్డీన్ యుద్ధం’ అంటారు. దాని వెనక ఓ ఖైదీ కథ ఉంది. దూధ్‌నాథ్ తివారీ అనే సిపాయి 1858 ఏప్రిల్‌లో పారిపోయాడు. తోటివాళ్లు బాణాలకు బలయ్యారు. గాయపడిన అతణ్ని మాత్రం అండమానీలు చంపకుండా తమలో కలుపుకున్నారు. అతను ఏడాదిపాటు వాళ్లతోనే తిరిగాడు, వాళ్ల భాష నేర్చాడు, వాళ్ల ఆడపిల్లల్ని పెళ్లాడాడు. పోర్ట్ బ్లెయిర్‌మీద దాడి జరగబోతోందని తెలియగానే పారిపోయొచ్చి తెల్లవాళ్లకు ఆ సంగతి చెప్పేశాడు. బాణాలు, ఈటెలు తుపాకుల ముందు నిలవలేదు. తివారీకి క్షమాభిక్ష దొరికింది. అతణ్ని బతికించిన తెగకు అప్పట్నుంచే చెడ్డరోజులు మొదలయ్యాయి. యుద్ధం కన్నా ఎక్కువ నష్టం చేసినవి బయటివాళ్లు తెచ్చిన రోగాలు. 1877లో వచ్చిన తట్టు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టేసింది. వేలల్లో ఉండే గ్రేట్ అండమానీలు ఈనాడు పదుల్లోనే మిగిలారు.

అడవి మాట వచ్చింది కాబట్టి మన మందస సంగతి ఒకటి గుర్తు చేసుకోవాలి. 1940 ఏప్రిల్ 1న ఇక్కడి గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. జమీందారు అడవిలోంచి కట్టెలు కొట్టి తెచ్చుకున్న రైతుల్ని పట్టుకెళ్తుంటే అడ్డంపడిన సాసుమాను గున్నమ్మ నేలకొరిగింది. ఆమెతోపాటు మరికొందరు రైతులూ ప్రాణాలు కోల్పోయారు. ఇక్కడ అడవిలో కట్టె కొడితే నేరం. అక్కడ కొట్టకపోతే కొరడా దెబ్బ. రెండుచోట్లా అడవిమీద హక్కు మాత్రం ఆ అడవిలో బతికేవాడిది కాదు.

పదేళ్లకో చీటీ

క్రమంగా ఆ ఊరికి ఓ పద్ధతి ఏర్పడింది. ‘యావజ్జీవ ద్వీపాంతరవాసం’ పడినవాడి జీవితం మెట్లమెట్లుగా సాగేది. సెల్యులర్ జైలు కట్టాక, అంటే 1900ల తొలినాళ్లలో ఆ మెట్లు ఇలా ఉండేవి. మొదటి ఆరు నెలలు ఒంటరి గదిలో. తర్వాత ఏడాదిన్నర మరో జైల్లో నలుగురితో కలిసి కఠినమైన చాకిరీ. ఆ తర్వాత మూడేళ్లు బయట గుంపులో కూలిపని, రాత్రిపూట బ్యారక్‌లో తాళం. ఆపై అయిదేళ్లు కాస్త తేలికపని, చేతిఖర్చుకు కొంచెం డబ్బు. ఇలా పదేళ్లు ఏ గొడవా లేకుండా గడిస్తే అప్పుడు చేతికి ఓ చీటీ వచ్చేది.

ఆ చీటీ ఉన్నవాణ్ని ‘సెల్ఫ్ సపోర్టర్’ అనేవారు. అంటే తన తిండి తానే సంపాదించుకునేవాడు. కాస్త భూమి సాగు చేసుకోవచ్చు, పశువుల్ని పెంచుకోవచ్చు, దుకాణం పెట్టుకోవచ్చు, పెళ్లి కూడా చేసుకోవచ్చు. కానీ అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. ఇలా మరో పది పదిహేనేళ్లు గడిస్తే అప్పుడు పూర్తి విడుదల. పాతికేళ్ల వయసులో వెళ్లినవాడు యాభై ఏళ్లకు బయటపడేవాడన్నమాట... ఈలోగా జ్వరం పట్టుకుపోకుండా ఉంటే!

అందరి మెడలోనూ ఓ చెక్కబిళ్ల. దానిమీద ఖైదీ నంబరు, ఏ సెక్షన్ కింద శిక్ష పడింది, ఎప్పుడు పడింది, ఎప్పుడు విడుదల... ఇవన్నీ చెక్కి ఉండేవి. దూరం నుంచి చూడగానే మనిషి జాతకం తెలిసిపోయేది. అధికారులు పేరుతో కాదు, నంబరుతోనే పిలిచేవారు.

వేలమంది ఖైదీలను గుప్పెడు తెల్లదొరలు ఎలా అదుపులో ఉంచారనే కదా మీ సందేహం. దానికో ఉపాయం కనిపెట్టారు. ఖైదీలమీద ఖైదీలనే పెట్టారు. బాగా నడుచుకున్నవాడికి పెట్టీ ఆఫీసర్, టిండాల్, జమాదార్ లాంటి హోదాలిచ్చి, తోటివాళ్లమీద కర్ర చేతికిచ్చారు. తనూ అదే ఓడలో వచ్చినవాడే. కానీ హోదా పోతే మళ్లీ రాళ్లు మోయాలి. అందుకే దొరలకన్నా వాళ్లే ఎక్కువ కఠినంగా ఉండేవారని అక్కడ శిక్ష అనుభవించినవాళ్లు రాసుకున్నారు.

పని ఏమిటంటారా? ఒక ఊరికి కావాల్సినవన్నీ. రోడ్లు వేయడం, బురదనేలలు పూడ్చడం, రాయి కొట్టడం, ఇటుకలు కాల్చడం, రేవు కట్టడం, కూరగాయలు పండించడం, కొబ్బరి తోటలు వేయడం. తొలి మకాం వేసిన చాథమ్ దీవిలోనే 1883లో కోత మిల్లు పెట్టారు. అడవిలో ఖైదీలు నరికిన పడాక్ దుంగలు అక్కడ పలకలై విదేశాలకు వెళ్లేవి. ఆసియాలోని పాత కోత మిల్లుల్లో ఒకటిగా ఆ మిల్లును పర్యటకులకు ఇప్పటికీ చూపిస్తారు.

వరసలో నిల్చున్న పెళ్లికూతుళ్లు

1860ల నుంచి ఆడఖైదీలనూ పంపడం మొదలుపెట్టారు. జైల్లో వాళ్ల పని నేత, కుట్టు. 1901 నాటికి అక్కడున్న ఖైదీలు సుమారు 12 వేలు. అందులో స్త్రీలు వెయ్యిమంది కూడా లేరు. ఊరు ఊరుగా నిలవాలంటే కుటుంబాలుండాలి కదా! అందుకని చీటీ వచ్చిన మగవాడు, కొన్నేళ్లు శిక్ష పూర్తిచేసిన స్త్రీ పెళ్లి చేసుకోవచ్చని ప్రభుత్వం నిబంధన పెట్టింది.

ఆ పెళ్లిచూపులు కూడా జైలు ఆవరణలోనే. పెళ్లికి అర్హులైన స్త్రీలను వరసగా నిలబెట్టేవారు. మగవాళ్లు వచ్చి చూసుకునేవారు. ఇద్దరికీ ఇష్టమైతే అధికారి అనుమతి. ఇక్కడ జాతకాలు లేవు, కట్నాలు లేవు, మేనరికాలు లేవు. అటు పంజాబువాడు, ఇటు బెంగాల్ ఆవిడ. కులాలు వేరు, భాషలు వేరు, ఒక్కోసారి మతాలూ వేరు. ఇద్దరికీ కలిసేది ఒక్కటే... మెడలోని చెక్కబిళ్ల. వాళ్ల మధ్య మాటలకు హిందుస్తానీ ఆధారమైంది. అందుకే ఈనాటికీ ఆ దీవుల్లో ఎవరితోనైనా హిందీలో మాట్లాడితే పనైపోతుంది.

వాళ్లకు పుట్టిన పిల్లలు ఖైదీలు కారు. అలాగని వాళ్లకు ‘మా ఊరు’ అని చెప్పుకోడానికి దేశంలో మరో ఊరూ లేదు. రికార్డుల్లో వాళ్లను ‘లోకల్ బార్న్’ అని రాశారు. అంటే అక్కడే పుట్టినవాళ్లు. అదే వాళ్ల కులమూ, వాళ్ల గోత్రమూ అయిపోయింది. సముద్రం దాటితే కులం పోతుందని భయపడిన కాలంలో, సముద్రం దాటించి తీసుకెళ్లినవాళ్ల పిల్లలు కులం అడగని ఊరొకటి కట్టుకున్నారు! ఆ కుటుంబాల వారసులు నేటికీ అక్కడున్నారు.

ఇటు విందులు... అటు ఉరికంబం

ఖైదీలు చదును చేసిన రాస్ దీవి కొన్నేళ్లకే పాలకుల రాజధానిగా మారింది. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, నాట్యశాల, బేకరీ, టెన్నిస్ కోర్టు... దొరసానులు గౌనులతో షికార్లు చేసేవారు. ఆ వైభవం చూసి ‘తూర్పు పారిస్’ అని పేరుపెట్టారు. దానికి కొద్ది దూరంలోనే వైపర్ దీవి. అక్కడ గొలుసులతో కట్టేసి పని చేయించే జైలు, గుట్టమీద ఎర్రటి ఉరికంబం గది. ఒకే సముద్రం, ఒకే గాలి... రెండు లోకాలు.

ఆ రెండు లోకాలూ ఓ సాయంత్రం ఎదురుపడ్డాయి. 1872 ఫిబ్రవరి 8న వైస్రాయ్ లార్డ్ మేయో జైలు వ్యవస్థను చూడటానికి వచ్చాడు. మౌంట్ హారియట్ కొండమీద సూర్యాస్తమయం చూసి, చీకటిపడ్డాక కిందికి దిగి పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అనే ఖైదీ కత్తితో పొడిచాడు. మంచి నడవడికతో అధికారుల నమ్మకం సంపాదించి, క్షురకుడిగా తిరుగుతున్నవాడే అతను. భారతదేశంలో హత్యకు గురైన ఒకే ఒక్క వైస్రాయ్ మేయో. నెల తిరిగేసరికి, మార్చి 11న వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీశారు.

1941 జూన్‌లో భూకంపం వచ్చి రాస్ దీవి దెబ్బతింది. మరుసటేడాది జపాన్ సైన్యం దీవుల్ని ఆక్రమించింది. ఇప్పుడక్కడ నాట్యశాల గోడల్ని మర్రివేళ్లు అల్లుకుని ఉంటాయి. జింకలు, నెమళ్లు తిరుగుతుంటాయి. 2018 నుంచి ఆ దీవి పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం.

ఉద్దానానికి తెలిసిన పని

అండమాన్ అనగానే అందరికీ గుర్తొచ్చే సెల్యులర్ జైలు నిజానికి చాలా ఆలస్యంగా వచ్చింది. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు. అంటే మొదటి ఓడ వచ్చిన 48 ఏళ్లకు! కట్టిందీ ఖైదీలే. నడుమ ఓ బురుజు, దాని చుట్టూ చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు, మూడంతస్తులు, దాదాపు 700 గదులు. ఒక్కో గది పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు ఏడున్నర. ఒక రెక్కలోని ఖైదీకి ఎదురుగా కనిపించేది ఇంకో రెక్క వీపు మాత్రమే. మనిషికి మనిషి కనిపించకూడదన్నదే ఆ కట్టడం ఉద్దేశం.

లోపల చేయించిన పనులు వింటే ఉద్దానం వాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. ఎందుకంటే అవి మనకు బాగా తెలిసిన పనులే. ఎండిన కొబ్బరి డొక్కల్ని చెక్క సుత్తితో బాదడం, పీచు తీయడం, తాడు పేనడం! 1909లో అక్కడికి వెళ్లిన బెంగాల్ విప్లవకారుడు బారీంద్రకుమార్ ఘోష్ తన జ్ఞాపకాల్లో ఆ లెక్క రాశాడు. రోజుకు ఇరవై కాయల డొక్కలిచ్చేవారు. వాటిని బాది, తడిపి, మళ్లీ బాది, సాయంత్రానికి సేరు పీచు అప్పజెప్పాలి. కవిటి, సోంపేట, మందస పల్లెల్లో పీచు పని చేసిన ఆడవాళ్ల అరచేతుల్ని అడిగితే చెబుతాయి, అదెంత కష్టమో. అదీ ఒంటరి గదిలో, మాట్లాడటానికి పక్కన మనిషి లేకుండా!

అంతకన్నా ఘోరం గానుగ. ఎద్దు తిరగాల్సిన చోట మనిషి తిరగాలి. రోజుకు 30 పౌన్లు, అంటే దాదాపు 14 కిలోల కొబ్బరినూనె తీయాలి. తగ్గితే చేతులకు బేడీలు వేసి గోడకు నిలబెట్టడం, తిండి తగ్గించడం, కొరడా. ఈ బాధ పడలేక ఖైదీలు నిరాహార దీక్షలు చేశారు. 1933 దీక్షలో బలవంతంగా పాలు పోయబోతే ముగ్గురు ప్రాణాలొదిలారు.

మన తెలుగువాళ్లూ ఆ గదుల్లో ఉన్నారు. 1922-24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచినవాళ్లలో కొందరిని అండమాన్ పంపారు. వాళ్లలో గాం మల్లుదొర ఒకరు. ఆయనకు మొదట ఉరిశిక్ష పడి తర్వాత ద్వీపాంతరంగా మారింది. శిక్ష ముగించుకుని తిరిగొచ్చిన ఆ గిరిజన వీరుడు 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాద భయంకర వెంకటాచారి కూడా సెల్యులర్ జైల్లో గడిపినవారే.

పేరున్నవాళ్లు సరే. పేరు లేనివాళ్ల మాటేమిటి? 1858 నుంచి 1939 వరకు ఆ దీవులకు పంపిన ఖైదీలు 80 వేలకు పైనే ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్లలో ఎక్కువమంది రాజకీయ ఖైదీలు కారు. పొలం గట్టు తగాదాలో చేయి చేసుకున్నవాడు, దోపిడీలో దొరికినవాడు, క్షణికావేశంలో ప్రాణం తీసినవాడు... ఇలాంటి మామూలు మనుషులే. ఆ రోజుల్లో మందస గంజాం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇటువైపు శిక్ష పడినవాడు రైల్లోనో నడిచో మద్రాసు చేరి అక్కడ ఓడ ఎక్కాలి. ఇంటికి ఓ ఉత్తరం రావడమే గగనం. మనిషి ఉన్నాడో లేడో తెలియక బొట్టు తీయాలో ఉంచుకోవాలో తేల్చుకోలేని ఇల్లాళ్లు ఎందరుంటారో!

అండమాన్‌కు ముందు...

ద్వీపాంతర శిక్ష అండమాన్‌తోనే మొదలుకాలేదు. బ్రిటన్ తన సొంత ఖైదీలను 1788లో 11 ఓడల్లో ఆస్ట్రేలియా చేర్చింది. ఈనాటి సిడ్నీ నగరం అలా పుట్టిందే. అదే సమయంలో భారతీయ ఖైదీలను సుమత్రాలోని బెంకూలెన్‌కు పంపడం మొదలైంది. తర్వాత పెనాంగ్, మారిషస్, సింగపూర్, బర్మా తీరం. సింగపూర్‌లోని ప్రసిద్ధ సెయింట్ ఆండ్రూస్ చర్చిని కట్టింది మన ఖైదీలే. దాని గోడలకు పూసిన తెల్లటి గచ్చును ‘మద్రాసు సున్నం’ అంటారు. గవ్వల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన, పంచదార కలిపి, కొబ్బరి డొక్కలు నానబెట్టిన నీళ్లతో చేసిన గచ్చు అది. సిడ్నీలో శిక్ష ముగిసిన తెల్ల ఖైదీకి భూమి, ఓటు, చివరికి ఓ దేశమే దక్కింది. మన ఖైదీకి మాత్రం అంత తేలిగ్గా ఏదీ దక్కలేదు.

నల్లనీళ్ల మీద కొత్త దారి

1919-20లో జైళ్లమీద వేసిన కమిటీ, అండమాన్‌కు ఖైదీలను పంపడం ఆపేయాలని చెప్పింది. అయినా పూర్తిగా ఆగలేదు. 1930ల్లో మళ్లీ రాజకీయ ఖైదీలతో జైలు నింపారు. దేశమంతా ఆందోళన జరిగాక 1938 నాటికి వాళ్లను వెనక్కి తెచ్చారు. జపాన్ ఆక్రమణలో మూడున్నరేళ్లు దీవులవాళ్లు ఆకలితో అల్లాడారు. 1945లో బ్రిటిష్‌వారు తిరిగొచ్చాక ఖైదీల ఊరు అన్న వ్యవస్థకు తెరపడింది. జైలు ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. 1979 ఫిబ్రవరి 11న దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ దీవుల దారి మారింది. తూర్పు బెంగాల్ శరణార్థులు వెళ్లారు, తమిళులు వెళ్లారు, మన తీరంనుంచి మత్స్యకారులు, కూలీలు, మేస్త్రీలు వెళ్లారు. సముద్రాన్ని గంగమ్మ తల్లిగా కొలిచే బెస్త కుటుంబాలకు అది ‘నల్లనీళ్లు’ ఎప్పుడూ కాదు. పెద్దవాళ్లకు రంగూన్ ఎలాగో, తర్వాతి తరానికి అండమాన్ అలాగ. ఒకరు వెళ్లి నిలదొక్కుకుంటే తమ్ముణ్ని పిలిచేవారు, తమ్ముడు బావమరిదిని పిలిచేవాడు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని వేళ్లతో సహా పెకలించింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. అప్పటిదాకా ఇల్లు గడవాలిగా! బతుకుతెరువు వెతుక్కుంటూ ఊరు దాటడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

వెళ్లే ప్రతివాడికీ తిరుగు టికెట్ ఉంటుంది, జేబులో ఫోన్ ఉంటుంది, రాత్రయితే ఇంటికి వీడియో కాల్ ఉంటుంది. సంక్రాంతికి వస్తానన్న మాట ఉంటుంది. సరిగ్గా ఇవేవీ లేకుండా వెళ్లినవాళ్లు వేసిన రోడ్డుమీదే వీళ్లు నడుస్తున్నారు. వాళ్లు పూడ్చిన నేలమీదే వీళ్లు ఇళ్లు కడుతున్నారు.

సెల్యులర్ జైలుకు వెళ్తే గోడమీద స్వాతంత్ర్య వీరుల పేర్లు చెక్కి ఉంటాయి. చదివి దణ్ణం పెట్టుకోవాల్సిందే. దాంతోపాటు ఇంకొక్క పని చేయొచ్చు. ఈసారి మీ అన్నో, బావో, కొడుకో అండమాన్‌నుంచి ఫోన్ చేసినప్పుడు, సాయంత్రం పని దిగాక ఓసారి చాథమ్ వైపు వెళ్లి రమ్మనండి. మొదటి రెండొందల మంది గొడ్డలి పట్టింది అక్కడే. వాళ్ల పేర్లు ఏ గోడమీదా లేవు. ఆ ఊరే వాళ్ల పేరు!